చిన్న కౌంటీలో టికెట్ పడితే

ప్రశ్న: ఆంటీ, నమస్తే. నేను టెక్సస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చేస్తున్నాను, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. పోయిన నెల నలుగురం కలిసి పాలో డ్యూరో కాన్యన్ చూడ్డానికి బయల్దేరాం. 287 హైవే మీద చిల్డ్రెస్ దాటాక పోలీసు ఆపాడు. వేగ పరిమితి 75 మైళ్లు ఉన్నచోట 88లో వెళ్తున్నానని టికెట్ ఇచ్చాడు. కారు ఫ్రెండ్‌ది. కాగితం అందులోనే ఉండిపోయింది, కారు కడిగేటప్పుడు వాడు పారేశాడట. ఆన్‌లైన్‌లో నా పేరు కొట్టి వెతికితే ఏమీ రావట్లేదు. డబ్బు కడితే రికార్డు చూపిస్తామనే సైట్లు మాత్రం చాలా వస్తున్నాయి. అంత దూరంలో ఉన్న కౌంటీని ఎవరు పట్టించుకుంటారు, వదిలెయ్ అంటున్నారు రూమ్మేట్లు. నాకేమో వీసాకి ఏమవుతుందోనని టెన్షన్. కట్టేసి వదిలించుకుందామన్నా ఎక్కడ కట్టాలో తెలీదు. (విద్యార్థి, డెంటన్)

జవాబు: బాబూ, వదిలెయ్యకు. అలాగని కంగారుపడి కట్టెయ్యకు కూడా. టెక్సస్‌లో ఒక చిన్న కౌంటీ కోర్టు కిటికీ వెనకాల చాలా ఏళ్లు క్లర్కుగా పని చేశాను. నీలాంటి పిల్లల ఫోన్లు రోజూ వచ్చేవి. వాళ్లలో చాలామంది ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేసేసిన తర్వాతే ఫోన్ చేసేవాళ్లు. నువ్వు ఇంకా ఏదీ చెయ్యలేదు, అది మంచిదైంది.

ముందు ఆ టికెట్ ఎక్కడుందో చూద్దాం. టెక్సస్‌లో 254 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉన్నాయి. ట్రాఫిక్ టికెట్లన్నీ ఒకేచోట పేరు కొట్టి చూసుకునే సౌకర్యం ఇక్కడ లేదు. కోర్టు రికార్డులు వెతుక్కోవడానికి మిస్సోరీలో కేస్‌నెట్ అనే సైట్ ఉంది, ఓక్లహోమాలో ఓఎస్‌సీఎన్ ఉంది. ఇక్కడ మాత్రం ఏ కోర్టు కాగితాలు ఆ కోర్టులోనే. అందుకే గూగుల్‌లో నీ పేరు దొరకలేదు. డబ్బు అడిగే సైట్ల దగ్గర కూడా ఉండదు, వాళ్లకి ఒక్క డాలరు ఇవ్వకు.

నిన్ను ఆపింది ఎవరో గుర్తు తెచ్చుకో. లేత గోధుమరంగు యూనిఫాం, కౌబాయ్ టోపీ, నలుపు తెలుపు కారు అయితే అతను డీపీఎస్ ట్రూపర్, అంటే స్టేట్ పోలీసు. ట్రూపర్ గానీ, షెరిఫ్ డిప్యూటీ గానీ ఇచ్చిన టికెట్ ఆ కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకి వెళ్తుంది. అందరూ జేపీ కోర్టు అంటారు. ఊళ్లోంచి వెళ్తుంటే ఆ ఊరి పోలీసు ఆపితే మాత్రం ఆ ఊరి మునిసిపల్ కోర్టు.

తర్వాత కౌంటీ ఏదో తేల్చాలి. చిల్డ్రెస్ ఊరు దాటాక 287 మీద కొంతదూరం చిల్డ్రెస్ కౌంటీయే ఉంటుంది, తర్వాత వరసగా హాల్, డోన్లీ, ఆర్మ్‌స్ట్రాంగ్ కౌంటీలు వస్తాయి. హాల్‌కి ముఖ్యపట్టణం మెంఫిస్, డోన్లీకి క్లారెండన్, ఆర్మ్‌స్ట్రాంగ్‌కి క్లాడ్. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉండి ఉంటే ఆ సాయంత్రం కారు ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. లేకపోతే నలుగురిలో ఎవరైనా తీసిన ఫొటోలో లొకేషన్ ఉంటుంది, పెట్రోలు కొట్టించిన రసీదు మీద ఊరి పేరు ఉంటుంది. అదీ దొరక్కపోతే నాలుగు కౌంటీలకీ ఫోన్ చెయ్యి. నంబరు కోసం కౌంటీ సొంత వెబ్‌సైట్‌కే వెళ్లు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. వెబ్‌సైట్‌లో కౌంటీ క్లర్క్, డిస్ట్రిక్ట్ క్లర్క్ అని కనిపించగానే వాళ్లకి ఫోన్ చేస్తారు. కౌంటీ క్లర్క్ దగ్గర ఉండేవి భూముల దస్తావేజులు, పెళ్లి లైసెన్సులు. డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర పెద్ద నేరాల కేసులు, విడాకులు. అక్కడ వాళ్లు వెతికి నీ పేరు మీద ఏ కేసూ లేదంటారు, అది నిజమే. అంతటితో టికెట్ లేదనుకుని ఊరుకున్నవాళ్లని చూశాను. నువ్వు అడగాల్సింది జస్టిస్ ఆఫ్ ది పీస్ ఆఫీసు అనే.

ఒక్కోసారి ఫోన్ ఎవరూ ఎత్తరు. చిన్న కౌంటీల్లో ఆ ఆఫీసంతా కలిపి ఒక జడ్జి, ఒకరిద్దరు క్లర్కులు. అద్దె ఇళ్ల గొడవలు, చిన్న బాకీల దావాలు కూడా వాళ్లే చూడాలి. మెడికల్ ఎగ్జామినర్ లేని కౌంటీల్లో ఎవరైనా యాక్సిడెంట్లో పోతే, ఏ రాత్రయినా సరే వెళ్లి మరణ విచారణ చేసేది కూడా ఆ జేపీయే. మధ్యాహ్నం గంటసేపు తలుపు మూసి భోజనానికి వెళ్లేచోట్లు ఉన్నాయి. పొద్దున్నే చెయ్యి, మర్యాదగా మాట్లాడు, మాట్లాడినవాళ్ల పేరు రాసుకో.

ఇప్పుడు మన పేర్ల సంగతి. మన పిల్లల కేసు దొరక్కపోవడానికి సగం కారణం ఇదే. ఇంటిపేరు ముందా వెనకా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, లైసెన్సులో ఇంకోలా ఉంటుంది. వెంకట సాయి లక్ష్మీ నరసింహ లాంటి పేరు టికెట్ మిషన్‌లో సగానికే తెగిపోతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లకి వీసా మీద ముందు ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అదే లైసెన్సుకీ ఎక్కుతుంది. అప్పుడు క్లర్కు మొదటి పేరు కింద ఎఫ్ఎన్‌యూ అని కొడితేగానీ కేసు తెర మీదకి రాదు. అందుకని పేరు చెప్పి ఊరుకోకు. డ్రైవర్ లైసెన్స్ నంబరు చెప్పు, దానితో వెతకమను. పుట్టిన తేదీ చెప్పేటప్పుడు నెలని పేరుతో చెప్పు. మనం తేదీ ముందు చెబుతాం, వాళ్లు నెల ముందు రాసుకుంటారు. జులై 3 కాస్తా మార్చి 7 అయిపోతుంది.

కేసు దొరికాక మొదట అడగాల్సింది అప్పియరెన్స్ డేట్. నీకు టికెట్ పడి నెల కావస్తోంది కాబట్టి రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఆ తేదీ రోజు అంత దూరం కారేసుకుని వెళ్లాలని కాదు, ఆ లోపు నీ జవాబు కోర్టుకి చేరాలి. చాలా ఆఫీసులు పోస్టులో, కొన్ని ఈమెయిల్లో తీసుకుంటాయి. కేసు నంబరు, నేరం పేరు, వేగం ఎంత రాశారు, జరిమానా, కోర్టు ఖర్చులు ఎంత, డ్రైవింగ్ సేఫ్టీ కోర్సుకి నాకు అర్హత ఉందా, డిఫర్డ్ డిస్పొజిషన్ (అదేంటో కింద చెప్తాను) ఇస్తారా, ఇవన్నీ అడుగు. క్లర్కు నీకు ఉన్న దారులు చెప్తుంది. ఏ దారి పట్టాలో మాత్రం చెప్పకూడదు, అది చట్టం. అందుకు ఆమె మీద కోపం తెచ్చుకోకు.

కంగారుపడి కట్టెయ్యొద్దని ఎందుకన్నానో విను. టెక్సస్‌లో జరిమానా పోస్టులోనో ఆన్‌లైన్‌లోనో కట్టేస్తే నువ్వు నో కాంటెస్ట్, అంటే ఆరోపణని ఎదిరించను అని ఒప్పుకున్నట్టు. వెంటనే దోషిగా తేలినట్టు రికార్డు అవుతుంది, ఇన్సూరెన్సు వాళ్లకి కనిపిస్తుంది. నీ టికెట్ క్లాస్ సి మిస్‌డిమీనర్, అంటే జైలు శిక్ష లేని చిన్న నేరం. 13 మైళ్లు ఎక్కువ వెళ్లావు కాబట్టి దాన్ని కొట్టేయించుకునే దారి నీకుంది.

ఆ దారి డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు. టెక్సస్ లైసెన్స్ ఉండి, గత 12 నెలల్లో ఈ కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకోకుండా ఉంటే అడగొచ్చు. పరిమితి కన్నా 25 మైళ్లు గానీ అంతకు మించి గానీ వెళ్లినా, వేగం 95 గానీ ఆపైన గానీ ఉన్నా, కూలీలు పని చేస్తున్న నిర్మాణ ప్రాంతంలో పట్టుబడినా కుదరదు. అప్పియరెన్స్ తేదీలోపు రాతపూర్వకంగా అడిగి, ఇన్సూరెన్స్ రుజువు, కోర్టు ఫీజు పంపాలి. అప్పుడు 90 రోజులు గడువిస్తారు. 6 గంటల కోర్సు, రాష్ట్రం ఆమోదించినది ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్టు, డీపీఎస్ (టెక్సస్‌లో లైసెన్సులు ఇచ్చేదీ ఈ శాఖే) నుంచి 3ఏ రకం డ్రైవింగ్ రికార్డు, ఒక అఫిడవిట్టు గడువులోపు కోర్టుకి చేరాలి. కోర్సు చేసేసి కాగితాలు పంపడం మర్చిపోయినవాళ్లని చూసి చాలా బాధపడేదాన్ని. శ్రమా పోయి, డబ్బూ పోయి, చివరికి దోషిగానే మిగిలేవాళ్లు. సర్టిఫైడ్ మెయిల్లో, రిటర్న్ రిసీట్ పెట్టి పంపు.

ఆ తేదీ దాటిపోయి ఉంటే కోర్సుకి ఒప్పుకోవడం జడ్జి ఇష్టం. అయినా అడుగు. డిఫర్డ్ డిస్పొజిషన్ అని ఇంకోటి ఉంది. 180 రోజుల వరకు గడువు పెట్టి, ఆలోపు ఇంకే టికెట్టూ పడకపోతే కేసు కొట్టేస్తారు. నీకు 25 ఏళ్లు నిండకపోతే అందులో కూడా ఆ కోర్సు తప్పనిసరి. నేను అంత వేగంలో లేనని నీకు గట్టిగా అనిపిస్తే నాట్ గిల్టీ అని రాసి విచారణ కోరే హక్కుంది, జ్యూరీని కూడా అడగొచ్చు. డబ్బుకి ఇబ్బందైతే దాచుకోకు, చెప్పు. కట్టగలవా లేదా అని జడ్జి విచారించాలని 2017లో చట్టం మార్చారు. వాయిదాలు, సమాజ సేవ అడగొచ్చు.

రూమ్మేట్లు వదిలెయ్ అన్నారన్నావు. ఆ కౌంటీ దూరంగా ఉండొచ్చు, కానీ కంప్యూటర్లు దూరంగా లేవు. హాజరు కాకపోవడం వేరే నేరం, వారెంటు పడుతుంది. కోర్టు ఆ సంగతి డీపీఎస్‌కి పంపితే లైసెన్స్ రెన్యూవల్ ఆగిపోతుంది. వీసా మీద ఉన్నవాళ్ల లైసెన్స్ గడువు వాళ్ల ఇమ్మిగ్రేషన్ కాగితాలతో ముడిపడి ఉంటుంది. పౌరులకి ఎనిమిదేళ్లకోసారి వచ్చే రెన్యూవల్ మీకు తరచూ వస్తుంది. దెబ్బ మీకే ముందు తగులుతుంది. నీ పేరు ఆ జాబితాలోకి ఎక్కిందేమో చూసుకోవడానికి టెక్సస్ ఫెయిల్యూర్ టు అప్పియర్ సైట్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొట్టు. ఏ కోర్టు రిపోర్టు చేసిందో చూపిస్తుంది.

వీసా గురించి. మందు, డ్రగ్స్ సంబంధం లేని, అరెస్టు లేని మామూలు స్పీడింగ్ టికెట్ ఒకటి వీసాని మింగెయ్యదు. పౌరసత్వం ఫారం సూచనల్లోనే అలాంటి 500 డాలర్ల లోపు జరిమానాలకి పత్రాలు జతచెయ్యక్కర్లేదని ఉండేది. కానీ 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలు ప్రభుత్వం ఉంచే చోటు) ఉన్నట్టుండి రద్దు చేశారు. చిన్న ట్రాఫిక్ విషయాలు, ఎప్పుడో కొట్టేసిన కేసులు ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. దేశమంతా దావాలు పడ్డాక ఏప్రిల్ ఆఖర్లో తిరిగి పునరుద్ధరించారు. ఆ రోజుల్లో పిల్లలు పడ్డ బాధ నేను మర్చిపోలేను. అందుకే చెప్తున్నాను: కేసు ముగియగానే, అది ఎలా ముగిసిందో చెప్పే ముద్ర వేసిన డిస్పొజిషన్ కాపీ అడిగి తీసుకో. కొట్టేసినట్టు రాసి ఉన్న ఆ ఒక్క కాగితాన్ని ఐ-20 పక్కన పెట్టుకో, ఫొటో తీసి అమ్మానాన్నలకి కూడా పంపు. కోర్టులు పాత ఫైళ్లని ఎల్లకాలం ఉంచవు. పదేళ్లకి గ్రీన్‌కార్డు అధికారి అడిగితే అప్పుడు ఆ ఆఫీసులో దొరక్కపోవచ్చు.

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. మా అబ్బాయి వర్జీనియాలో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. పల్లెల మీదుగా పోయే ఐ-81 రోడ్డు మీద 70 ఉన్నచోట 91లో వెళ్లాడని కేసు రాశారట. మామూలు టికెట్టేనమ్మా, డబ్బు కట్టేస్తానంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, అబ్బాయికి ఈ పేజీ ఈరోజే పంపండి. వర్జీనియాలో ఇది మామూలు టికెట్టు కాదు. అక్కడ 85 దాటి నడిపినా, పరిమితి కన్నా 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా రెక్‌లెస్ డ్రైవింగ్ అనే నేరం మోపుతారు. మీ అబ్బాయికి రెండూ వర్తిస్తాయి. అది క్లాస్ 1 మిస్‌డిమీనర్, ఆ కోవలో అన్నిటికన్నా పెద్దది. చట్టం ప్రకారం 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా వెయ్యొచ్చు. దోషి అని తేలితే 11 ఏళ్లు డ్రైవింగ్ రికార్డులో ఉంటుంది, తర్వాత వీసా ఫారంలో ఏదైనా నేరంలో దోషిగా తేలారా అన్న ప్రశ్నకి అవునని రాయాల్సి వస్తుంది. ముందుగా డబ్బు కట్టి వదిలించుకునే వీలు లేదు, కోర్టు తేదీ ఉంటుంది.

ఆ కోర్టులో రోజూ వాదించే స్థానిక లాయర్ని పెట్టుకోమనండి. డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ కోర్సు ముందే చేసి, కారు స్పీడోమీటర్ పరీక్ష చేయించి వెళ్లమని చాలామంది లాయర్లు చెప్తారు. కేసును తక్కువ నేరంగా మార్చమని అడగడానికి అవి పనికొస్తాయి. కోర్టు తేదీని అబ్బాయే చూసుకోవచ్చు. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టుల రికార్డులు వర్జీనియా న్యాయవ్యవస్థ సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఆ రాష్ట్రంలో సిటీలు కౌంటీల్లో భాగం కావు, ఒకే పేరుతో రెండూ ఉన్నచోట్లు కూడా ఉన్నాయి. వెతికేటప్పుడు కేసు కాగితం మీద ఉన్నదాన్నే ఎంచుకోమనండి. మీరు వాణ్ణి తిట్టకండి, తోడుగా మాట్లాడండి. లాయర్ దొరికాక మీకూ కాస్త నిద్ర పడుతుంది.

ప్రశ్న: జార్జియాలో ఉంటాను. నాకు ట్రాఫిక్ టికెట్ బాకీ ఉందని, ఈ రాత్రిలోపు కట్టకపోతే లైసెన్స్ ఆపేస్తామని డీఎంవీ పేరుతో మెసేజ్ వచ్చింది. పోయిన ఏడాది ఒక పల్లె కౌంటీలో నిజంగానే టికెట్ పడింది. అది కట్టేశాననే గుర్తు. కట్టాలా? (గృహిణి, అట్లాంటా దగ్గర)

జవాబు: కట్టకండి. జార్జియాలో లైసెన్సులు ఇచ్చే శాఖ పేరు డీడీఎస్, డీఎంవీ కాదు. ఆ మెసేజ్ మోసగాళ్లది. నిజమైన బాకీ ఏదైనా ఉందేమో అన్న అనుమానం ఉంటే, ఆ కౌంటీలో టికెట్లు చూసే కోర్టుకి మీరే ఫోన్ చెయ్యండి. చాలా పల్లె కౌంటీల్లో అది ప్రొబేట్ కోర్టు. రెండు వరసల రోడ్డు మీద 75 లేదా ఆపైన గానీ, ఏ రోడ్డు మీదైనా 85 లేదా ఆపైన గానీ వెళ్లి ఉంటే సూపర్ స్పీడర్ అని ఇంకో 200 డాలర్లు విడిగా పడతాయి. కోర్టులో జరిమానా కట్టినవాళ్లు కూడా ఈ సంగతి తెలియక ఊరుకుని లైసెన్స్ పోగొట్టుకుంటారు. దానికి నోటీసు డీడీఎస్ నుంచి పోస్టులో ఇంటికి వస్తుంది. మీరు ఇల్లు మారి ఉంటే పాత చిరునామాకి వెళ్లిందేమో డీడీఎస్ ఆన్‌లైన్ ఖాతాలో చూసుకోండి. ఆ మెసేజ్‌లో లింకు నొక్కకుండా 7726కి ఫార్వర్డ్ చేసి, తీసెయ్యండి.