ఎంబ్రాయిడరీ బ్యాగుల వ్యాపారంలోకి వెళ్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి 11వ తరగతి. తన ఫ్రెండ్ వాళ్లమ్మ మెక్సికో నుంచి ఎంబ్రాయిడరీ బ్యాగులు, తోలు చెప్పులు తెప్పించి షాపులో అమ్ముతారు. శని, ఆదివారాలు మా అమ్మాయి అక్కడే ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ వద్దు, ఫ్యాషన్ చదివి ఇలాంటి బ్రాండ్‌లోనే పనిచేస్తానంటోంది. ఇందులో భవిష్యత్తు ఉందా సర్? మనది కాని సంస్కృతిలో మన పిల్లకి చోటెక్కడ? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, చోటు ఉంది. కాకపోతే మీ అమ్మాయి ఊహించుకుంటున్న కుర్చీ అది కాకపోవచ్చు. ఇలాంటి వ్యాపారాల్లో బొమ్మలు గీసేవాళ్లకు కరువు లేదు. సరుకు ఎవరి దగ్గర, ఏ షరతుల మీద, ఎంతకు కొంటున్నామో లెక్క తప్పకుండా చూసుకునేవాళ్లే దొరకరు.

హిస్పానిక్ పేర్లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల పేర్లు, అమెరికా ఫ్యాషన్‌కి కొత్త కాదు. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన ఆస్కార్ డి లా రెంటా 1960ల నుంచే న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్నారు. వెనిజులాలో పుట్టిన కరోలినా హెరెరా 1981లో అక్కడే తన బ్రాండ్ మొదలుపెట్టారు. అయితే వీళ్లకు పేరు తెచ్చింది ఖరీదైన గౌన్లు. మీ అమ్మాయి చూస్తున్నది వేరే దారి. 2016లో లాస్ ఏంజిలస్‌లో పాటీ డెల్గాడో మొదలుపెట్టిన 'ఇహా దే తు మాద్రే' ఆ దారిలోదే. వీపు మీద సీక్విన్‌లతో గ్వాడలూపే మాత (మెక్సికన్లు కొలిచే మేరీ మాత రూపం) బొమ్మ మెరిసే డెనిమ్ జాకెట్‌తో వాళ్ల ప్రయాణం మొదలైంది. ఇలాంటి బ్రాండ్లకు మొదటి కొనుగోలుదారులు తమవాళ్లే, తప్పు జరిగితే ముందు నిలదీసేదీ వాళ్లే.

ఆ నిలదీత ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలియాలి. 2019లో మెక్సికో సాంస్కృతిక మంత్రి హెరెరా సంస్థకు ఉత్తరం రాశారు. మెక్సికోలోని తెనాంగో దె దోరియా అనే ఊరి ఎంబ్రాయిడరీనీ, సాల్తీయో ఊరి సరాపే అనే శాలువాల మీది చారలనీ ఏ అధికారంతో వాడారు, వాటిని చేసే ఊళ్లకు ఏం ముడుతుంది అని అడిగారు. అప్పటికే ఆ బ్రాండ్ స్పెయిన్‌కి చెందిన పుయిగ్ కంపెనీ చేతిలో ఉంది. డిజైనర్ కూడా వేరే వ్యక్తి. అంటే బోర్డు మీద పేరు చూసి యజమాని ఎవరో తేల్చుకోకూడదు.

యజమాని హిస్పానిక్ మూలాలున్నవాడే అయినా సరిపోదు. విల్లీ చవార్రియా కాలిఫోర్నియాలో పొలం కూలీల ఊరైన హ్యూరన్ నుంచి వచ్చినవాడు. అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల మండలి 2023లో, 2024లో పురుషుల దుస్తుల విభాగంలో ఉత్తమ డిజైనర్ అవార్డు ఆయనకే ఇచ్చింది. అంతటివాడు 2025లో అడిడాస్‌తో కలిసి మెక్సికోలోని ఒహాకా రాష్ట్రం పేరుతో ఒక చెప్పు తెచ్చాడు. అడుగున స్పోర్ట్స్ షూ సోల్, పైన తోలు పట్టీల అల్లిక. ఆ అల్లిక ఆ రాష్ట్రంలోని యలాలగ్ అనే ఊరి వరాచేలది, అంటే అక్కడి సంప్రదాయ తోలు చెప్పులది. ఊరివాళ్లను అడగలేదు. గొడవ మెక్సికో ప్రభుత్వం దాకా వెళ్లింది, చివరికి ఆయనా క్షమాపణ చెప్పాడు, అడిడాస్ ప్రతినిధులూ ఆ ఊరికే వెళ్లి చెప్పారు. ఇలాంటి వాడకానికి ముందుగా ఆ సమాజం అనుమతి ఉండాలని మెక్సికో 2022లోనే చట్టం చేసింది. పోచంపల్లి డిజైన్‌ని మిల్లు గుడ్డ మీద ప్రింట్ కొట్టి అమ్మితే అక్కడి నేతగాళ్లకు ఎంత మంటో మీకు తెలిసిందే కదా.

ఇక డబ్బు సంగతి. తెనాంగో పనిలో తెల్ల కాటన్ గుడ్డ మీద పక్షులు, జంతువుల బొమ్మలు ఒకరు గీస్తారు. ఇంకొకరు, ఎక్కువగా ఆడవాళ్లు, రంగు దారాలతో వాటిని నింపుతారు. పెద్ద దుప్పటైతే నెలలు పడుతుంది. ఆ గుడ్డతో కుట్టిన బ్యాగు 100 డాలర్లకు అమ్ముడవుతుందనుకోండి. వేరే షాపుకి హోల్‌సేల్‌గా ఇస్తే చేతికొచ్చేది దాదాపు సగం. గీసినవాళ్లకి, ఎంబ్రాయిడరీ చేసినవాళ్లకి, లైనింగ్‌కి, జిప్‌కి, తోలు పట్టీకి, షిప్పింగ్‌కి, కస్టమ్స్‌కి అన్నీ అందులోంచే. పైగా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేకుండా ఉన్న వెసులుబాటుని అమెరికా 2025 ఆగస్టు చివర్లో తీసేసింది. చిన్న పార్సిళ్లలో సరుకు తెప్పించుకునేవాళ్లకి ఇది గట్టి దెబ్బ. సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా హిస్పానిక్ హెరిటేజ్ మంత్ అని పెద్ద స్టోర్లు హడావిడి చేస్తాయి గానీ, ఆ నెల చూసుకుని ఏడాదంతా జీతాలివ్వలేరు.

అందుకే నేనైతే ఫ్యాషన్ డిజైన్ కంటే మర్చండైజింగ్ (సరుకు ఎంచడం, కొనడం, ధర కట్టి అమ్మడం నేర్పే చదువు) వైపు మొగ్గుతాను. మీకు దగ్గర్లోనే డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో రెండూ ఉన్నాయి, టెక్సస్ విద్యార్థి ఫీజు వర్తిస్తే భారం తగ్గుతుంది. న్యూయార్క్ ఎఫ్ఐటీ (ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)లో బ్యాగులు, చెప్పుల లాంటివి రూపొందించే యాక్సెసరీస్ డిజైన్ మంచి కోర్సే, కానీ బయటి రాష్ట్రం ఫీజు, ఆ ఊరి అద్దెలు కలిపి చూసుకోండి. స్పానిష్ మాత్రం స్కూల్లోనే గట్టిగా పట్టమనండి. చేతిపనివాళ్లతో ధర మాట్లాడాలంటే మధ్యవర్తి లేకుండా మాట్లాడగలగాలి.

మీరు వీసా సంగతి రాయలేదు. అమ్మాయి అమెరికా పౌరురాలైతే ఇబ్బంది లేదు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే ఆ షాపులో జీతం తీసుకోకూడదు. ఊరికే సాయం చేస్తున్నా సరే, ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. 21 ఏళ్లు నిండాక సొంత వీసా కావాలి. ఫ్యాషన్ డిగ్రీలు చాలావరకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేవు కాబట్టి, ఎఫ్1 విద్యార్థి వీసా మీద చదివితే ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, ఏడాదే. మీ పరిస్థితి అదైతే టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ లాంటివి కూడా చూడండి, అవి స్టెమ్ కిందకొస్తాయి.

ముందు ఒక పని చేయించండి. ఆ షాపావిడని అడిగి ఒకే ఒక్క బ్యాగు లెక్క, ఊరి నుంచి కౌంటర్ దాకా, అమ్మాయి చేత కాగితం మీద రాయించండి. అది చూశాక కూడా ఇదే కావాలంటే డెంటన్‌లో క్యాంపస్ విజిట్ బుక్ చేయండి, మీరూ వెంట వెళ్లండి.