పెద్ద సంఖ్యను భాగించబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పది అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో చేతి లెక్కతో ఎలా తేల్చాలని అడిగావు. 4294967297ను ముందు పెట్టుకుని చెబుతాను. రెండు ముప్పైరెండో ఘాతానికి ఒకటి కలిపితే ఇది వస్తుంది. రెండు 1, 2, 4, 8, 16వ ఘాతాలకు ఒకటి కలిపితే ఇదే వరుసలో ముందున్న 3, 5, 17, 257, 65537 వస్తాయి. అవన్నీ ప్రధాన సంఖ్యలు కావడంతో, తర్వాతివి కూడా అలాంటివేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా భావించాడు.

వెంటనే భాగహారానికి దిగవద్దు. దీని వర్గమూలం 65536ను కాస్త దాటుతుంది. ఆ లోపు ప్రధాన సంఖ్యలు ఆరు వేలకు పైగా ఉన్నాయి. అందుచేత, దీన్ని భాగించగల సంఖ్య ఏ రూపంలో ఉండి తీరాలో ముందు ఆలోచించు. ఒక ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తే, దానితో భాగించినప్పుడు రెండు 32వ ఘాతానికి −1 (అంటే భాజకం కన్నా ఒకటి తక్కువ), 64వ ఘాతానికి 1 శేషంగా వస్తాయి. అంతకన్నా చిన్న ఘాతం దేనికీ 1 రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే మిగిలేదాన్ని ఘాతంగా తీసుకున్నా రెండుకు 1 శేషంగా వస్తుంది. కాబట్టి ఆ మిగిలేది 64కు గుణిజం కావాలి. ఫెర్మా ఊహను కూల్చే సాధనం ఫెర్మా సిద్ధాంతంలోనే ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇక 641 వరకు పరీక్షించవలసినవి 193, 257, 449, 577, 641 మాత్రమే. 641 దీన్ని భాగిస్తుందని, భాగఫలం 6700417 అని 1732లో గణితవేత్త ఆయిలర్ చూపాడు. ఆ 64 స్థానంలో 128 ఉంచవచ్చని తర్వాత మరో గణితవేత్త లూకాస్ నిరూపించాడు. అప్పుడు 641 రెండో ప్రయత్నంలోనే దొరుకుతుంది.

భాగహారం లేకుండానూ దీన్ని సరిచూసుకోవచ్చు. ఐదును రెండు ఏడో ఘాతంతో గుణించి 1 కలిపితే 641. ఐదు నాలుగో ఘాతానికి రెండు నాలుగో ఘాతం కలిపినా 641. మొదటిదాన్ని బట్టి, 641తో భాగిస్తే ఐదు, రెండు ఏడో ఘాతాల లబ్ధానికి శేషం −1; దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే, ఐదు నాలుగో ఘాతం, రెండు 28వ ఘాతాల లబ్ధానికి శేషం 1. రెండోదాన్ని బట్టి, అందులో ఐదు నాలుగో ఘాతానికి బదులు రెండు నాలుగో ఘాతాన్ని రుణ గుర్తుతో ఉంచితే, రెండు 32వ ఘాతానికి శేషం −1 అని తేలిపోతుంది.

కారణాంకం దొరకగానే పని ఆపవద్దు. 6700417 సంగతి కూడా తేల్చాలి. దాని వర్గమూలం 2589 లోపే. దాన్ని భాగించేది 4294967297నూ భాగిస్తుంది కనుక, 1 తీసేస్తే 128కి గుణిజమయ్యే ప్రధాన సంఖ్యలనే చూస్తే చాలు. అక్కడివరకు అలాంటివి 257, 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622 వస్తాయి కనుక అది ప్రధాన సంఖ్యే.

రెండును ఆధారంగా తీసుకుని చేసే ఫెర్మా పరీక్షను, అంటే సంఖ్యలోంచి 1 తీసేసి, రెండును ఆ ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటాన్ని, ఇక్కడ నమ్మవద్దు. సంయుక్త సంఖ్య అయినా 4294967297 అందులో నెగ్గుతుంది.

ఈ సంఖ్య 65536, 1ల వర్గాల మొత్తం; 62264, 20449ల వర్గాల మొత్తం కూడా. ప్రధాన సంఖ్యను ఇలా రెండు విధాలుగా రాయలేము. ఈ రెండు రూపాల నుంచి 641ను రాబట్టే లెక్క చేసి, దాన్ని నాకు పంపు.