పెద్దలు లేని దీవిలో పిల్లలు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. బడి గ్రంథాలయం నుంచి ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవల తెచ్చుకుని రెండు రోజుల్లో పూర్తి చేశాడు. విమానం కూలిపోయి నిర్జన దీవిలో చిక్కుకున్న పిల్లలు మొదట నాయకుణ్ణి ఎన్నుకుని, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలని నియమం పెట్టుకుని, చివరికి తోటి పిల్లల ప్రాణాలు తీసేదాకా వెళ్తారట. ఆ రాత్రి వాడు నా దగ్గరకు వచ్చి, “అమ్మా, మీరెవరూ లేకపోతే మేమూ అలాగే అయిపోతామా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక “కథే కదా నాన్నా, పడుకో” అన్నాను. ఆ జవాబుతో వాడికీ తృప్తి కలగలేదు, నాకూ కలగలేదు. పెద్దల అదుపు తప్పితే పిల్లలు నిజంగానే క్రూరులవుతారా?
— ఒక తల్లి

జవాబు: మీ అబ్బాయి మనసులో పడిన భయం నిజమైనది కనుక దానికి నిజమైన జవాబే చెప్పాలి. ఆ నవలను 1954లో వెలువరించిన విలియం గోల్డింగ్ బడిపంతులుగా మగపిల్లల మధ్య ఏళ్ల తరబడి మెలిగినవాడే. అయితే అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, చదువూ మర్యాదా ఉన్న పెద్దలు ఒకరినొకరు ఏం చేసుకోగలరో దగ్గరగా చూశాడు. దీవి మీద పిల్లలు చేసే ప్రతి ఘోరానికీ మూలం ఆ పెద్దల లోకంలోనే కనిపిస్తుంది. కథ చివర వాళ్లను ఒడ్డున చూసి నివ్వెరపోయే అధికారి కూడా యుద్ధనౌక నుంచి దిగివచ్చినవాడే. కాబట్టి ఆ పుస్తకాన్ని పిల్లల స్వభావానికి రుజువుగా తీసుకోకండి.

నిజంగా జరిగిన ఒక సంగతి మీ అబ్బాయికి చెప్పండి. 1965లో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దేశంలో వసతి బడిలో చదువుతున్న ఆరుగురు అబ్బాయిలు, బడి మీద విసుగుతో, ఒక జాలరి పడవను అడగకుండా తీసుకుని సముద్రం మీదకు వెళ్లిపోయారు. మొదటి రాత్రే తుఫాను వచ్చి తెరచాప చిరిగింది, చుక్కాని విరిగింది. ఎనిమిది రోజులు కొట్టుకుపోయి అటా అనే దీవి చేరారు. అక్కడి జనంలో చాలామందిని బానిసల వ్యాపారులు 1863లో ఎత్తుకుపోయిన తర్వాత అది నిర్మానుష్యంగా మిగిలిపోయింది. ఆ పిల్లలు అక్కడ పదిహేను నెలలు బతికారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు అటుగా వెళ్తూ వాళ్లను చూసేనాటికి ఆ దీవి మీద కూరగాయల తోట, వాన నీళ్లు పట్టడానికి తొలిచిన మానులు, కోళ్ల దొడ్డి ఉన్నాయి. ఏడాదికి పైగా ఆరనివ్వకుండా కాపాడుకున్న నిప్పు ఉంది.

ఇదెలా సాధ్యమైందన్నదే మనం ఆగి చూడవలసిన చోటు. ఇద్దరిద్దరు చొప్పున జట్లు కట్టి, తోట పని, వంట, కాపలా వంతులవారీగా చేసుకున్నారు. తగాదాలు రాలేదనుకోకండి, వచ్చాయి. అలా వచ్చినప్పుడు పోట్లాడుకున్న ఇద్దరూ దీవికి చెరో వైపు వెళ్లి, కోపం చల్లారాక తిరిగి వచ్చి ఒకరినొకరు క్షమాపణ అడగాలన్నది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. కొట్టుకొచ్చిన కర్రకూ సగం కొబ్బరి చిప్పకూ పడవలోంచి తీసిన ఆరు తీగలు బిగించి గిటారు చేసుకున్నారు; పొద్దునా సాయంత్రమూ పాట, ప్రార్థన. వాళ్లలో ఒకడు కొండ మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే, మిగిలినవాళ్లు పుల్లలు, ఆకులు పెట్టి కట్టు కట్టి, అతని వంతు పని తాము పంచుకున్నారు. ఎముక సరిగ్గానే అతుక్కుంది. గాయపడినవాడు భారమైపోతాడన్న లెక్క వాళ్లకు తట్టనే లేదు, దాన్నే నేను మరిచిపోలేను.

ఈ ఉదంతాన్ని చూపించి నవల అబద్ధమని కొట్టిపారేసేవారున్నారు. నేను అంత దూరం వెళ్లను. ఆ ఆరుగురూ ముందే స్నేహితులు, సముద్రం మధ్య పుట్టి పెరిగినవారు, కొబ్బరికాయ ఒలవడం నుంచి చేప పట్టడం దాకా చేతిపనులు తెలిసినవారు. నవలలోని పిల్లల్లో చాలామందికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. వయసులు వేరు, ఆకలి ఒకటే, పైగా చీకట్లో ఏదో మృగం ఉందన్న భయం. అలాంటి గుంపులో భయం తీరుస్తానని, మాంసం పెడతానని కేకలు వేసేవాడి వెనక జనం చేరడం పెద్దల చరిత్రలోనూ చూశాం.

పెద్దల అదుపు ఉంటే చాలునా అన్న సందేహానికి కూడా ఒక ఆధారముంది. నవల వచ్చిన 1954లోనే అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇరవై ఇద్దరు అబ్బాయిలను వేసవి శిబిరానికి తీసుకువెళ్లి, రెండు జట్లుగా విడదీసి, గెలిచినవాళ్లకే బహుమతులని పోటీలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే జెండాలు తగలబెట్టుకోవడం, ఒకరి గదుల మీద ఒకరు దాడి చేయడం మొదలైంది. ఆ పగను తయారు చేసింది పెద్దలే. శిబిరానికి నీళ్లు ఆగిపోయాయని చెప్పి అందరూ కలిసి వెతకవలసిన పరిస్థితి కల్పించి, అలాంటి ఉమ్మడి పనులు మరికొన్ని అప్పగించాక ఆ పగ క్రమంగా తగ్గింది. అంతకు ముందు ఏడాది ఇంకో శిబిరంలో ఇదే ప్రయత్నం చేస్తే, అప్పటికే స్నేహం కుదిరిన పిల్లలు ఎంత రెచ్చగొట్టినా తగవు పడలేదు, ప్రయోగం మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది.

కాబట్టి మీ అబ్బాయితో, “అవుతారు, కాకపోనూవచ్చు, అక్కడ ఎవరితో ఉన్నావు, ఎవరి పని ఏమిటని అనుకున్నారు, కోపం వచ్చినప్పుడు ఏం చేయాలని ముందే ఒప్పుకున్నారు, వీటిని బట్టి ఉంటుంది” అని చెప్పండి. పదిహేనేళ్లవాడికి ఆ మాట అర్థమవుతుంది.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. ఈ నవలను తొమ్మిదో తరగతి పిల్లలతో చదివించవచ్చునా? హింస ఎక్కువని తోటివారు వారిస్తున్నారు.
— ఒక పాఠకురాలు

జవాబు: చదివించవచ్చు, కానీ చేతికిచ్చి వదిలేయకుండా మీరు పక్కన ఉండి చదివించండి. హత్యల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. మొదట్లో పిల్లలు ఉత్సాహం కొద్దీ కొండ మీద మంట వేస్తే అది అడవికి అంటుకునే ఘట్టం ఒకటి ఉంది. ముఖం మీద మచ్చ ఉన్న చిన్నవాడొకడు ఆ తర్వాత కనిపించడు. పొట్టిగా, లావుగా, కళ్లద్దాలతో ఉన్న అబ్బాయి ఒక్కడే వాడేడని అడుగుతాడు. అసలు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదని, పేర్లు రాసుకోలేదని అప్పుడు బయటపడుతుంది, అందరూ తల వంచుకుంటారు. వేటలూ ముఖానికి రంగులూ మొదలుకాక మునుపే కథ అక్కడే దారి తప్పిందని నా అభిప్రాయం. ఆ పుట దగ్గర పుస్తకం మూయించి, మీరు ఆ దీవి మీద ఉంటే మొదటి రోజు ఏం చేసేవారని ప్రతి ఒక్కరినీ అడగండి. వెనక వరుసలో మాట్లాడకుండా కూర్చునే పిల్లలను కూడా పేరు పెట్టి అడగండి.