డెంగీ అని తేలాక మళ్లీ రక్తం ఎందుకు తీసుకున్నారు?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా బాబుకు 14 ఏళ్లు. జ్వరం వచ్చిన రెండో రోజు ప్రైవేటు ల్యాబ్‌లో చూపిస్తే ఎన్ఎస్1 పాజిటివ్ అన్నారు. ప్లేట్‌లెట్లు 1.10 లక్షలు. మర్నాడు ఆశా, ఏఎన్ఎం ఇంటికొచ్చి మళ్లీ రక్తం తీసుకున్నారు. ఎలైజాకు పంపుతామని, అవసరమైతే ఏ రకం డెంగీయో కూడా చూస్తారని చెప్పారు. రెండు రోజులైనా రిపోర్టు రాలేదు. ఒకసారి తేలిపోయాక మళ్లీ ఎందుకు? బాబుకు మూడేళ్ల కింద కూడా డెంగీ వచ్చింది. రకం తెలిస్తే మందు మారుతుందా? హైదరాబాద్ తీసుకెళ్లి డబ్బులు కట్టి పీసీఆర్ చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాం. మీరు చెప్పిన లెక్కన ఇవాళ ఐదో రోజు. డెంగీలో జ్వరం దిగిపోయాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు కనిపెట్టుకుని ఉండాల్సినవి. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రిపోర్టు కోసం చూడకుండా దవాఖానకు తీసుకెళ్లండి. 1.10 లక్షల ప్లేట్‌లెట్లకు భయపడక్కర్లేదు. రక్తస్రావం లేనప్పుడు 10 వేల కంటే కిందికి పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించే పని సాధారణంగా ఉండదు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది ఎవరు వేస్తామన్నా వద్దనండి. ఈ జ్వరాల సీజన్‌లో మన ఊళ్లల్లో జరిగే అతి పెద్ద పొరపాటు ఆ సూదే.

రకం తెలిస్తే మందు మారదు. డెంగీలో నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ వైద్యం ఒకటే: సరిపడా ద్రవాలు, రోజూ రక్తపరీక్ష, పైన చెప్పిన లక్షణాల మీద కన్ను. కాబట్టి బాబు కోసం, వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్‌కు డబ్బులు పెట్టకండి. ఆ ఖర్చుతో నాలుగైదు సార్లు హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క), ప్లేట్‌లెట్లు చూపించుకోవచ్చు. బాబుకు పనికొచ్చే పరీక్షలు అవి.

మరి ప్రభుత్వం వాళ్లకు ఆ రక్తం ఎందుకంటే, మీ ఊరి కోసం. ప్రైవేటు ల్యాబ్‌లో చేసింది కార్డు పరీక్ష, ఎన్ఎస్1 అనే వైరస్ ప్రొటీన్ రక్తంలో ఉందేమో అప్పటికప్పుడు చూసేది. మొదటి రోజుల్లో ఎన్ఎస్1 కార్డు పాజిటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు. నెగెటివ్ వస్తే మాత్రం డెంగీ లేదని ధీమాగా ఉండలేం. జాతీయ కార్యక్రమం కార్డు ఫలితాన్ని 'అనుమానిత' కిందే పెడుతుంది, పెద్ద ల్యాబ్ యంత్రాల మీద చేసే ఎలైజా పరీక్షలో తేలితేనే 'నిర్ధారణ' అంటుంది. 'ప్రైవేటులో అందరికీ డెంగీ, ప్రభుత్వ లెక్కల్లో మాత్రం లేదు' అని ప్రతి వానాకాలం నడిచే గొడవలో చాలా భాగం ఈ తేడా వల్లే. లెక్క దాస్తున్నారని అందరూ అనుకుంటారు గానీ, నమూనా ఎలైజా దాకా చేరకపోతే ఆ కేసు లెక్కలోకి ఎక్కదు. మీ బాబు రక్తం వెళ్లింది కాబట్టి అందులో తేలితే ఎక్కుతుంది, మీ వీధికి యాంటీలార్వా సిబ్బంది రావడానికి అదే ఆధారం.

రిపోర్టు ఆలస్యానికి కారణం చెప్తాను. ఎలైజా ప్లేటులో 96 చిన్న గుంతలుంటాయి. ప్రతిసారీ కొన్ని గుంతలు పరీక్ష సరిగ్గా జరిగిందో చూసుకునే కంట్రోల్స్‌కే పోతాయి. రెండు మూడు నమూనాలకే ప్లేటు వేస్తే కిట్ వృథా, అందుకని నమూనాలు పోగయ్యేదాకా ఆగుతారు. పరీక్షకు పట్టేది కొన్ని గంటలే. ఆ ఆగడం నాకూ నచ్చదు, కానీ ఐజీఎం (జబ్బు సోకాక ఒంట్లో పుట్టే ఒక రకం యాంటీబాడీ) చూసే ఎలైజా కిట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్ఐవీ) నుంచి లెక్క ప్రకారం వస్తాయి, ల్యాబ్ వాళ్లు పొదుపుగా వాడక తప్పదు.

రక్తంతో పాటు ఒక ఫారం కూడా నింపుతారు. అందులో అన్నిటికంటే ముఖ్యమైన గడి 'జ్వరం మొదలైన తేదీ'. ఏ పరీక్ష చేయాలో ల్యాబ్ వాళ్లు దాన్ని బట్టే తేలుస్తారు. మొదటి ఐదు రోజుల్లో రక్తంలో వైరస్ ఉంటుంది, ఎన్ఎస్1 గానీ పీసీఆర్ గానీ అప్పుడే పట్టుకోగలవు. ఆ తర్వాత వైరస్ తగ్గిపోయి ఐజీఎం యాంటీబాడీలు పెరుగుతాయి. ఏఎన్ఎం అడిగితే చాలామంది 'రెండు మూడు రోజులైతుంది మేడమ్' అంటారు. నిజానికి ఆరు రోజులై ఉంటుంది. అలాంటి నమూనాకు పీసీఆర్ చేస్తే ఏమీ దొరకదు, డెంగీ ఉండి కూడా నెగెటివ్ వస్తుంది. ఐజీఎంకు ఇంకో చిక్కుంది. అది రెండు మూడు నెలలు రక్తంలోనే ఉంటుంది కాబట్టి పాత జ్వరం తాలూకుదీ కావచ్చు. జపనీస్ మెదడువాపు, జికా వైరస్‌లు డెంగీకి దగ్గరి చుట్టాలు, వాటి యాంటీబాడీలు కూడా పరీక్షను తికమక పెడతాయి.

ఇక రకం తేల్చే పరీక్ష. ప్రతి నమూనాకూ చేయరు, కొన్నింటినే ఎంచి పెద్ద ల్యాబ్‌కు పంపుతారు. రక్తంలోంచి సీరం వేరుచేసి ఐస్ ప్యాక్‌ల మధ్య చల్లగా తీసుకెళ్లాలి. డెంగీ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ, ఎండలో బైక్ డిక్కీలో గంటలకొద్దీ ఉంటే ముక్కలైపోతుంది. ల్యాబ్‌లో ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, లక్షల రెట్లు పెంచి, నాలుగు రకాల్లో ఏదో చూస్తారు. ఒకే నమూనాలో డెంగీ, చికున్‌గున్యా, జికా మూడింటినీ వెతికే పరీక్షలూ వచ్చాయి. ఇంకా లోతుకు వెళ్తే సుమారు 10,700 అక్షరాలున్న ఆ జన్యుక్రమాన్ని మొత్తం చదివి, ఏ ప్రాంతపు వైరస్‌కు దగ్గరగా ఉందో పోల్చి చూస్తారు.

ఇంత కష్టం దేనికంటే, 2006 చికున్‌గున్యా మన వైపు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కీళ్లు పట్టేసి ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. ఆ ఏడాది దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు. 1973లో మహారాష్ట్రలోని బార్షీ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పెద్దగా కనపడని జబ్బు అది. ఎన్ఐవీ వాళ్లు జన్యువు చదివితే, పాత రోజుల్లో మన దగ్గరున్న ఆసియా రకం కాదని, ఆఫ్రికా మూలాలున్న వేరే రకమని తేలింది. మరుసటి ఏడాది కేరళ నమూనాల్లో ఇంకో సంగతి బయటపడింది. వైరస్ పైపొరలోని ఈ1 ప్రొటీన్‌లో 226వ చోట ఒకే ఒక్క మార్పు. దాంతో అది ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే దోమలో బాగా పెరగడం మొదలుపెట్టింది. ఆ దోమ ఇంటి బయట చెట్లచాటున, కేరళలోనైతే రబ్బరు పాలు పట్టే చిప్పల్లో కూడా గుడ్లు పెడుతుంది. ఇళ్లల్లో డ్రమ్ములు కడిగించినంత మాత్రాన చాలదు, తోటల్లోకీ వెళ్లాలని అప్పుడు అర్థమైంది. ఏ దోమ మీద పడాలో జన్యువు చెప్పిన సందర్భం అది.

బాబుకు మూడేళ్ల కింద వచ్చిందన్నారు కదా, రకం సంగతి మీకు ముఖ్యమయ్యేది అక్కడే. డెంగీ రకాలు నాలుగూ ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లాంటివి. ఒకటి వచ్చి పోతే దాని నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని ఆపకపోగా కణాల్లోకి దూరడానికి సాయం చేస్తాయి. రెండోసారి డెంగీ తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ ఉండటానికి ఇదే కారణం. అందుకని అప్పటి రకం ఏదని వెతక్కుండా, 'ఇది రెండోసారి' అనే మాట మాత్రం చూస్తున్న డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. జిల్లాలో ఏటా ఏ రకం తిరుగుతుందో అధికారులు కనిపెట్టేదీ ఇందుకే. ఒక రకం నడిచిన చోట వేరేది దిగితే తీవ్రమైన కేసులు పెరగొచ్చని పడకలు, రక్తనిధులు సిద్ధం చేసుకోవచ్చు.

రిపోర్టు కోసం మీ పీహెచ్‌సీలో బాబు పేరు, నమూనా తీసిన తేదీ చెప్పి అడగండి. రకం మీకు చెప్పకపోవచ్చు, అది జిల్లా లెక్కకు వెళ్తుంది. కోలుకునే దశలో రెండో నమూనా అడిగితే ఇవ్వండి, మొదటిదాంతో పోల్చి చూస్తే అనుమానం తీరుతుంది. జ్వరం ఉన్నన్నాళ్లు బాబును పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, ఇప్పుడు బాబును కుట్టిన దోమ దాదాపు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల తర్వాత ఇంకొకరికి అంటించగలదు. భగీరథ నీళ్లు పట్టుకునే గోళెం, డ్రమ్ము వారానికోసారి ఒంపేసి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్దండి. గుడ్లు నీటి అంచు దగ్గర గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు, నెలల తరబడి ఎండిపోయినా బతికే ఉంటాయి. ఈ రెండు మూడు వారాల్లో ఇంట్లో ఇంకెవరికైనా ఒళ్లు వెచ్చబడితే, ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టి ఐదు రోజులు దాటకముందే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి.