మలావీ పల్లెలో వాలంటీరుగా ఉంటే రోజులు ఎలా గడుస్తాయి?

మలావీలోని ఒక పల్లె బడిలో రెండేళ్లు స్వచ్ఛందంగా పనిచేసే అవకాశం వచ్చిందని, మీరు శాకాహారి అని, అక్కడ రోజువారీ జీవితం ఎలా ఉంటుందో వెళ్లివచ్చిన వారెవరైనా చెప్పమని అడిగారు. నేను 2014 సెప్టెంబరు నుంచి 2016 జులై వరకు దక్షిణ మలావీలో, జోంబా పట్టణానికి తూర్పున చిల్వా సరస్సు వైపు వెళ్లే దారిలోని ఒక ఊళ్లో, కమ్యూనిటీ డే సెకండరీ స్కూలులో లెక్కలు చెప్పాను. మాది అనంతపురం జిల్లా. నాకు తెలిసింది ఆ ప్రాంతం ఒక్కటే కాబట్టి, పొరుగునున్న జాంబియాలోనో మొజాంబిక్‌లోనో కూడా అంతా ఇలాగే ఉంటుందని దయచేసి అనుకోకండి.

మీరు వెళ్లేది పాఠాలు చెప్పడానికే అయినా, ఊరివాళ్లు మిమ్మల్ని ముందుగా చూసేది ఒక ఇరుగుపొరుగు మనిషిగా. బడిలో మీ పని ఎంత బాగా సాగుతుందన్నది కూడా చాలావరకు ఆ పొరుగు సంబంధాన్ని బట్టే ఉంటుంది. ఈ సంగతి నాకు మూడు నెలల తరువాత గానీ తెలియలేదు. మొదట్లో నేను నీళ్లు తెచ్చిపెట్టమని ఒక కుర్రవాడికి డబ్బులిచ్చేదాన్ని. ఆ గంటసేపు మిగిలితే పాఠాలు తయారు చేసుకోవచ్చునని నా ఆలోచన. ఒకరోజు పక్కింటి ఆవిడ వచ్చి గడప బయట నిలబడి ‘ఓడి’ అని పిలిచారు. అక్కడ తలుపు తట్టరు, ఆ మాట అని, లోపలివాళ్లు ‘ఓడిని’ అని బదులిచ్చేదాకా ఆగుతారు. లోపలికి వచ్చి కూర్చుని, కుశలమంతా అడిగాక, ‘మేడమ్, రేపటి నుంచి మీరూ మాతోపాటు బోరింగు దగ్గరికి రండి’ అన్నారు. తెల్లవారుజామున ఐదింటికే అక్కడ ఇరవై లీటర్ల బకెట్లు బారుగా ఉంటాయి. ఎవరి బిడ్డకు జ్వరం వచ్చింది, ఎవరింట్లో గింజలు అడుగంటాయి, ఏ అమ్మాయి ఫీజు కట్టలేక బడి మానేసేలా ఉంది అన్నవి స్టాఫ్‌రూములో నాకు ఎప్పుడూ వినబడలేదు, ఆ బోరింగు దగ్గరే తెలిశాయి. మలావీలో 1994 నుంచి ప్రాథమిక విద్యకు ఫీజు లేదు గానీ, నేనున్న రోజుల్లో హైస్కూలుకు కట్టవలసి వచ్చేది. నా క్లాసులో సోమవారాలు కనబడని పిల్లలు ఎందుకు రావడం లేదో నాకు మొదట అర్థమైంది కూడా ఆ బోరింగు దగ్గరే.

పలకరింపులకు మీరు చాలా సమయం కేటాయించుకోవాలి. అక్కడి చిచేవా భాషలో ‘ములి బ్వాంజి’ అంటే ఎలా ఉన్నారు అని. పొద్దున్న అయితే ఎలా నిద్ర లేచారు అని, మధ్యాహ్నం అయితే పగలు ఎలా గడిచింది అని వేరువేరుగా అడుగుతారు, మీరు బాగున్నానని చెప్పి తిరిగి వాళ్లను అడగాలి. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆడవాళ్లు కాస్త మోకాళ్లు వంచుతారు. కిలోమీటరు దూరంలో ఉన్న బడికి నాకు అరగంట పట్టేది. తొందరలో పలకరింపు దాటవేసి నేరుగా పని చెప్పిన రోజున ఎవరూ ఏమీ అనరు గానీ, ఆ పని మాత్రం జరగదు. ఆడవాళ్లయితే చితెంజే అనే రెండు మీటర్ల నూలు గుడ్డను పావడా మీద చుట్టుకుంటారు. నేను వెళ్లిన వారంలోనే ఒకటి కొనుక్కున్నాను. బిడ్డను వీపున కట్టుకోవడానికి, బకెట్టు కింద చుట్టకుదురుగా పెట్టుకోవడానికి, చివరికి శవం పక్కన కూర్చునేటప్పుడు కప్పుకోవడానికి కూడా ఆ గుడ్డే.

భారతీయురాలినని చెప్పగానే మొదట అందరూ నన్ను కొట్టు యజమానుల మనిషిని అనుకున్నారు. భారతీయులను అక్కడ ‘అమ్వేన్యే’ అంటారు. వాళ్లలో ఎక్కువమంది గుజరాతీ కుటుంబాల వాళ్లు, తరతరాలుగా లింబే, బ్లాంటైర్, జోంబా పట్టణాల్లో వ్యాపారం చేసుకుంటున్నవాళ్లు. 1970లలో అప్పటి మలావీ అధ్యక్షుడు హేస్టింగ్స్ బండా ప్రభుత్వం ఆసియా వర్తకులను పల్లెల్లోంచి పట్టణాలకు పరిమితం చేసింది. అందువల్ల ఒక భారతీయురాలు తమ మధ్య గడ్డి కప్పుల ఇళ్ల నడుమ కాపురం పెట్టడం మా ఊళ్లో చాలామంది మొదటిసారి చూశారు. కొందరు సరుకులు అరువు అడిగారు, కొందరు దూరంగా ఉన్నారు. ఇది మీకూ ఎదురవుతుంది. నొచ్చుకోకండి, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

మరొక విషయం తెలుగువాళ్లకు వింతగా ఉంటుంది. దక్షిణ మలావీలో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది, మగవాడే పెళ్లయ్యాక భార్య ఊరికి వెళ్లి ఉంటాడు. మన దగ్గర ఇల్లరికం అని కాస్త చిన్నచూపుగా అనే ఏర్పాటు అక్కడ మామూలు సంసారం. ఇంటికి సంబంధించిన పెద్ద నిర్ణయాల్లో మేనమామ మాట చెల్లుతుంది. కాబట్టి ఒక పిల్ల చదువు గురించి మాట్లాడాలంటే తండ్రి దగ్గరికే కాక మేనమామ దగ్గరికి కూడా వెళ్లాలని నాకు మా హెడ్‌మిస్ట్రెస్ నేర్పారు.

భోజనం గురించి మీరు బెంగపెట్టుకోనక్కర లేదు, ముఖ్యంగా సంకటి తిన్న ఇంటివారైతే. వాళ్ల ప్రధానాహారమైన న్సిమా అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంకటే. ఎసరు మరిగాక ముందు పలచగా జావ కాస్తారు, తరువాత కొంచెం కొంచెంగా పిండి పోస్తూ తెడ్డుతో గిన్నె అంచుకు నొక్కి తిప్పుతారు. మా అమ్మ రాగి సంకటి కెలికేటప్పుడు మోకాలితో గిన్నెను అదిమిపట్టినట్టే మా పొరుగావిడా పట్టేవారు. కుడిచేత్తో ముద్ద చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, కూరలో ముంచుకుని తింటారు. కూరల్లో తోటకూర ఉంది, దాన్ని బొనోంగ్వే అంటారు, బెండకాయ ఉంది, గుమ్మడి ఆకును వేరుశనగ పొడి వేసి వండుతారు, అనంతపురం మనిషిగా నేను ఆ కూర మీద ప్రాణం పెట్టుకున్నాను. చింతపండును బ్వెంబా పేరుతో సంతలో అమ్ముతారు. ఆ చిల్వా మైదానంలో వరి కూడా పండిస్తారు. అన్నిటికన్నా సంతోషం కలిగించింది నందోలో, అంటే కందులు. దక్షిణ మలావీ రైతులు మొక్కజొన్నలో అంతరపంటగా వేసి, కొంత భాగం వర్తకులకు అమ్ముతారు, ఎగుమతి అయ్యే దానిలో చాలా మటుకు మన దేశానికే వస్తుంది. వాళ్లు కందులను పప్పు చేయకుండా గింజగానే ఉడకబెట్టుకుంటారు. బొగ్గుల కుంపటి మీద అవి ఉడకడానికి చాలా సేపు పట్టేది. నేను మూడు లీటర్ల కుక్కరు తీసుకెళ్లాను కాబట్టి ఇరుగింటి కందులు కూడా వంతులవారీగా దానిలోనే ఉడికేవి. గాస్కెట్లు రెండు మూడు అదనంగా పట్టుకెళ్లండి, మా ఊళ్లో దొరకలేదు. మీ కూరలో ఎండు చేప కలిసే ప్రమాదం మాత్రం ఉంది, ఎందుకంటే చిల్వా నుంచి వచ్చే చిన్న చేపలను వాళ్లు మాంసాహారం కింద లెక్కించరు. ముందే స్పష్టంగా చెప్పండి.

ఇక్కడొక చిన్న సంగతి. మా ఊరి రైతులు వేసే సీజీ-7 అనే వేరుశనగ రకం ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి వచ్చిందని వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకరు చెప్పినప్పుడు, ఆ సంస్థ ప్రధాన కేంద్రం హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఉందని నేను చెప్పాను. ఆ సాయంత్రం నుంచి నేను ‘కొట్టువాళ్ల మనిషి’ని కాక ‘వేరుశనగ విత్తనం ఊరి మనిషి’నయ్యాను.

మీరు మనసు సిద్ధం చేసుకోవలసింది జనవరి నుంచి మార్చి వరకు ఉండే కరువు నెలలకు. ఏప్రిల్, మే నెలల్లో కోసిన మొక్కజొన్న చాలా ఇళ్లలో అప్పటికి అయిపోతుంది, కొత్త కంకులు ఇంకా పచ్చివైనా కావు. గింజల కోసం ఇతరుల చేలల్లో కూలికి వెళ్తారు. దాన్ని గాన్యు అంటారు. సరిగ్గా తమ చేను కలుపు తీయవలసిన రోజుల్లోనే పరాయి చేను కలుపు తీస్తారు గనుక, రాబోయే పంట కూడా తగ్గుతుంది. నేనున్నప్పుడు 2015 జనవరిలో వరదలు వచ్చాయి, ఆ తరువాతి వానకాలం ఎల్ నినో వల్ల వానలు సరిగా పడలేదు, 2016 ఏప్రిల్‌లో దేశమంతటా విపత్తు ప్రకటించారు. ఆ ఫిబ్రవరిలో నా క్లాసు సగానికి పడిపోయింది. వచ్చినవాళ్లలో ఒక అబ్బాయి బోర్డు మీద సమీకరణం రాస్తూ సుద్దముక్క చేతిలో ఉండగానే గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. ముందు రోజు పొద్దున్న నుంచి వాడు తిన్నది రెండు మామిడికాయలు.

నేను ఆ సాయంత్రమే పిండి బస్తా కొని, అడిగిన రెండు ఇళ్లకు ఇచ్చాను. వారం తిరగకుండా మూడో ఇంటివాళ్లు నాతో మాట్లాడడం మానేశారు, తీసుకున్నవాళ్లు నా ముందు తల ఎత్తలేకపోయారు. అది నా తప్పే. పొరుగావిడతో చెప్పుకుంటే, ‘మీ గడప నుంచి ఇస్తే అది మీ దయ అవుతుంది, బడి గడప నుంచి ఇస్తే అందరి తిండి అవుతుంది’ అన్నారు. హెడ్‌మిస్ట్రెస్, తల్లుల సంఘం కూర్చుని మాట్లాడుకుని, పొద్దున్నే బడిలో మొక్కజొన్న, సోయా పిండి కలిపి జావ కాయడం మొదలుపెట్టారు. పిండిలో కొంత వాటా నాది, కొంత మిగతా టీచర్లది. కట్టెలు, నీళ్లు, చాకిరీ తల్లులవి. మొదటి కంకులు వచ్చేదాకా, దాదాపు ఏడు వారాలు అది నడిచింది. క్లాసులో పిల్లలు దాదాపు అందరూ తిరిగి వచ్చారు.

మలేరియా నాకు ఒకసారి వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో వేలి నుంచి రక్తపు చుక్క తీసి అక్కడికక్కడే పరీక్ష చేసి, మూడు రోజులకు ఇరవై నాలుగు మాత్రలు ఉచితంగా ఇచ్చారు. ఆ మందు కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుందని నర్సు చెబితే, ఆ ఆరు పూటలూ పొరుగావిడ వేరుశనగ పొడి వేసిన జావ కాచి తెచ్చారు. అవి కరువు నెలలే. దోమతెర మానకండి, బయలుదేరే ముందు ముందుజాగ్రత్త మాత్రల గురించి మీ డాక్టరును అడగండి.

ఊళ్లో ఎవరైనా పోతే అన్ని పనులూ ఆగుతాయి, మీరూ వెళ్లాలి. ఆడవాళ్లు లోపల నేల మీద కూర్చుంటారు, మగవాళ్లు బయట. మాట్లాడనక్కర లేదు, కూర్చుంటే చాలు. సిలబస్ వెనకబడుతుందని ఒకసారి నేను వెళ్లకపోతే, ఆ ఇంటి అమ్మాయి నా క్లాసులో చాలా రోజులు చేయి ఎత్తలేదు.

రమ్మన్న తేదీని మీరే ఎంచుకోగలిగితే, బడులు మొదలయ్యే సెప్టెంబరుకు ముందే, ఆగస్టు నెలలో వెళ్లండి. అప్పుడు ఇళ్లలో గింజలుంటాయి, పొలం పని తక్కువ, సాయంత్రాలు అరుగు మీద మీకు చిచేవా నేర్పే తీరిక అందరికీ ఉంటుంది. నవంబరులో మొదటి వాన పడిన మర్నాడు ఊరంతా పారలు భుజాన వేసుకుని చేలోకి వెళ్లిపోతుంది, ఏప్రిల్ దాకా ఎవరూ మీకు చిక్కరు.