అప్రెంటిస్‌కి కనీస వేతనం వర్తిస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ చేసి గాజువాకలో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాడు. కాంట్రాక్టులో నెలకు రూ.7,000 అని ఉంది. బ్యాంకులో పడేది రూ.5,500. హెల్పర్లకు అంతకు రెట్టింపు వస్తోంది. వాడికి కనీస వేతనం ఇవ్వరా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఇవ్వనక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షన్ దృష్టిలో అప్రెంటిస్ పని నేర్చుకునేవాడే గాని కార్మికుడు కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ‘ఉద్యోగి’ నిర్వచనంలో అప్రెంటిస్‌ని చేర్చలేదు. పీఎఫ్, ఈఎస్ఐ సంగతీ అంతే.

అలాగని ఎంత తోస్తే అంత ఇస్తే కుదరదు. స్టైపెండ్‌కి ఒక కనీస రేటు ఉంది. 2019 సెప్టెంబరు సవరణ ప్రకారం 5 నుంచి 9వ తరగతి చదివినవారికి రూ.5,000, పదో తరగతికి రూ.6,000, ఇంటర్‌కీ ఐటీఐకీ రూ.7,000, డిప్లొమాకి రూ.8,000, డిగ్రీకి రూ.9,000. రెండో ఏడాది 10 శాతం పెరగాలి, అంటే ఐటీఐ వారికి రూ.7,700. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. సిఫారసు వేరు, గెజిట్ నోటిఫికేషన్ వేరు. కాబట్టి అమల్లో ఉన్న రేటెంతో కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో చూసుకోండి.

ఇక ఆ తగ్గిన రూ.1,500. కంపెనీ మింగేసిందని అప్పుడే అనుకోకండి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా రూ.1,500, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా కంపెనీ చేతికి పోకుండా నేరుగా అప్రెంటిస్ ఖాతాకే వస్తోంది. సాధారణంగా రెండుచోట్ల ఆగుతుంది. ఒకటి, తన వాటా చెల్లించినట్టు కంపెనీ పోర్టల్‌లో ఎక్కించకపోవడం. రెండోది ఆధార్. ఈ డబ్బు ఖాతా నంబరు చూసి రాదు, ఆధార్‌కి చివరగా లింకైన బ్యాంకుకు వెళ్తుంది. స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తెరిచిన పాత ఖాతా ఉంటే ముందు ఆ పాస్‌బుక్ ఎంట్రీలు వేయించండి. చాలాసార్లు డబ్బు అక్కడే పడి ఉంటుంది.

ప్రశ్న: నన్ను రోజూ రెండు గంటలు అదనంగా ఉంచుతున్నారు. పీసుల లెక్క తగ్గితే స్టైపెండ్ కోస్తామంటున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక అప్రెంటిస్, సంగారెడ్డి

జవాబు: రెండూ తప్పే. అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఈ చట్టం అమలును చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని అప్రెంటిస్‌ల చట్టం 15వ సెక్షన్, పీసు లెక్కన చెల్లించకూడదని 13వ సెక్షన్ చెబుతున్నాయి. ఏ నెల స్టైపెండ్ అయినా మరుసటి నెల 10వ తేదీలోగా అందాలి. ముందు హెచ్ఆర్‌కి ఈమెయిల్ పెట్టండి, నోటిమాట నిలవదు. దారికి రాకపోతే సలహాదారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రైవేటు సంస్థయితే రాష్ట్ర సలహాదారుకు, కేంద్ర సంస్థ అయినా నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో నడిచేదైనా కేంద్రం తరఫు సలహాదారుకు. సలహాదారు తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో మండలికి అప్పీలు చేసుకోవచ్చు.

ప్రశ్న: ఏడాదిగా ఒక వర్క్‌షాప్‌లో ‘ట్రైనీ’నంటూ నెలకు రూ.4,000 ఇస్తున్నారు. కాంట్రాక్టు కాగితమేదీ లేదు.
– పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ విషయం పూర్తిగా వేరు. కనీస వేతనం నుంచి మినహాయింపు చట్టప్రకారం తీసుకున్న అప్రెంటిస్‌ల విషయంలోనే. అలాంటి కాంట్రాక్టు వివరాలు ఏడు రోజుల్లో పోర్టల్‌లో ఎక్కాలి, రిజిస్టర్ కావాలి. ‘మా కాంట్రాక్టు నంబరెంత?’ అని యజమానిని అడగండి. నీళ్లు నమిలితే, మీరు చేస్తున్న పనికి రాష్ట్రం నిర్ణయించిన కనీస వేతనం అడిగే హక్కు మీకుంది. కార్మిక శాఖ కార్యాలయంలో మూడేళ్లలోగా క్లెయిమ్ వేయొచ్చు. జీతం పూర్తిగా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయితే అక్కడ పనిచేశారని చూపించాల్సింది మీరు. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో షిఫ్టు మెసేజ్‌లు, హాజరు పుస్తకం ఫొటోలు ఇప్పుడే దాచుకోండి.