పాత ఓపెన్ టాప్ కారుకు తుప్పు మీదే పుట్టీ పెట్టి పెయింట్ వేయిస్తే నిలుస్తుందా?

నిలవదు. పైపై తుప్పైతే మెరిసే ఇనుము కనబడేదాకా గీకించాలి, చిల్లులు పడితే ఆ రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. ఆ తర్వాతే ప్రైమర్, పుట్టీ, పెయింట్.

తుప్పు గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. పైన ఎంత ఖరీదైన పెయింట్ వేసినా లోపల ఇనుమును తింటూనే ఉంటుంది. అది ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పెయింట్‌ను కింద నుంచి లేపి పొక్కులు తెస్తుంది. పుట్టీ కూడా నీళ్లు పీల్చుకునేదే.

"మన అనంతపురంలో వానలే తక్కువ, తుప్పెక్కడిది?" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గుడ్డ టాపు కుట్టులోంచి కారిన ఒక్క వాన చాలు. పైన ఎండ మండుతున్నా మ్యాట్ కింది ఫెల్టు రోజుల తరబడి ఆరదు. మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, తుప్పు తిన్న రేకు అప్పడంలా విరుగుతుంది.

ఇంకో మాట, ఇది ముఖ్యం. విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే కింది ఇనుప చట్రం, లేని ఓపెన్ కారుకు పైకప్పు బలం ఉండదు. ఫ్లోరూ తలుపుల కింది గడపలే బండిని మోస్తాయి. వాటిని కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ బిగించమని చెప్పండి. లేదంటే బాడీ నడుమ కుంగి, తలుపులు మళ్లీ సరిగ్గా పడవు.